తీర్పును గూర్చి చెప్పేవాడికే తొందర ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఉత్తరాల పేజీలో ఇటీవల ఒక పాఠకుడు క్రైస్తవుల తీర్పు బోధను గురించి రాసిన లేఖను నేను శ్రద్ధగా రెండుసార్లు చదివాను. ఆయన వాదన స్థూలంగా రెండు మాటల్లో ఉంది. దేవుడు తీర్పు తీరుస్తాడని చెప్పడం మనుషుల్ని భయపెట్టి లొంగదీసుకునే పద్ధతి అన్నది మొదటిది. ఎవరి విశ్వాసం వారి మనసులో ఉండవలసిన విషయం కాబట్టి దాన్ని ఇతరులకు చెప్పబూనడం, అందులోనూ తొందరపెట్టి చెప్పడం మర్యాద కాదన్నది రెండవది. ఆ లేఖలో నొచ్చుకున్న మనసు కనబడింది గాని ద్వేషం కనబడలేదు. అందువల్లనే జవాబు రాయాలనిపించింది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక చిన్న క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతున్నవాణ్ణి. జీతం తీసుకునే పాస్టరును కాను. ఆ పాఠకుడు చెప్పిన తప్పుల్లో కొన్ని నేను స్వయంగా చేసినవే కాబట్టి ఆయనను ఖండించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆయన విన్న బోధలో ఏది లేఖనాలది, అంటే బైబిలుది, ఏది మా నోటి దురుసుతనానిది అన్నది విడదీసి చెప్పాలన్నదే నా ఉద్దేశం.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. తెలుగు బైబిలులో తీర్పు దినానికి చాలాచోట్ల వాడిన మాట ‘విమర్శదినము’. మనుషులు పలికే వ్యర్థమైన ప్రతి మాటకూ విమర్శదినాన లెక్క చెప్పవలసి ఉంటుందని మత్తయి సువార్త 12వ అధ్యాయంలో యేసు అంటాడు. ఈనాడు విమర్శ అంటే మనకు తప్పులు పట్టడం, ఎత్తిచూపడం, సమావేశాల్లో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకోవడం. పాత వాడుకలో ఆ మాటకు అర్థం వేరు. ఒక విషయాన్ని చేతితో తడిమి చూసినట్టుగా నలువైపుల నుంచీ పరిశీలించడం, తూచి చూడడం, దాచిన దాన్ని బయటికి తీసి నిజమేదో తేల్చడం విమర్శ. అనువాదకులు ఆ మాటను ఎంచుకున్నందుకు నేను ఎన్నోసార్లు మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. హెబ్రీ భాషలో తీర్పుకు వాడే ‘మిష్పాత్’ అన్న మాటకు కూడా శిక్ష అన్నది ఒక అంచు మాత్రమే. వ్యాజ్యం వినడం, అన్యాయం జరిగినవాడికి అతనిది అతనికి తిరిగి ఇప్పించడం ఆ మాటలో ముందుంటాయి. అందుకే 96వ కీర్తనలో దేవుడు లోకానికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని వినగానే ఆకాశం సంతోషిస్తుంది, సముద్రం ఘోషిస్తుంది, అడవిలోని చెట్లు ఉత్సాహంతో కేకలు వేస్తాయి. తీర్పు అనగానే మనం ఎందుకు ముడుచుకుపోతాం, చెట్లు ఎందుకు సంతోషిస్తాయి అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

నాకు దొరికిన జవాబు ఇది. తీర్పు కోసం ఎదురుచూసేవాడు ఎప్పుడూ అన్యాయానికి గురైనవాడే. కూలి ఎగ్గొట్టబడినవాడు, సాక్షి లేనందువల్ల ఓడిపోయినవాడు, చంపినవాడెవడో ఊరంతటికీ తెలిసినా నోరు విప్పేవాడు లేక సమాధిలో పడి ఉన్నవాడు, వీళ్లందరి ఫిర్యాదూ ఏదో ఒక రోజున వినబడుతుందని లేఖనాలు మాట ఇస్తున్నాయి. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం చంపబడినవారి ఆత్మలు, ఎందాక నాథా, ఎందాక తీర్పు తీర్చకుండా ఉంటావని అడుగుతాయి. ఆ కేకను వినని దేవుణ్ణి ప్రేమామయుడని పిలవడానికి నాకు నోరు రాదు. తీర్పు లేని ప్రేమ బాధితుడి కంట్లో ప్రేమ కాదు, పట్టించుకోకపోవడమే. ప్రేమించే దేవుడికి తీర్పుతో పని ఏమిటని మీ పాఠకుడు అడిగారు. ఆ ప్రశ్న ఎవరూ నెత్తిన కాలు పెట్టి తొక్కని బతుకులో నుంచి వచ్చినంత సులువుగా, తొక్కబడిన బతుకులో నుంచి రాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

అయితే ఇక్కడే మేము, అంటే బోధించేవాళ్లం, మోసపోతాం. తీర్పు ఎవరి మీదికో వస్తుందనుకుంటాం. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో తెకోవ ఊరి పశువుల కాపరి ఆమోసు ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్లి ప్రకటించినప్పుడు జనం ప్రభువు దినం ఎప్పుడు వస్తుందా అని ఉబలాటపడుతున్నారు. ఆ రోజున తమ శత్రువుల పని అయిపోతుందని వాళ్ల ధీమా. ఆ దినం మీకు వెలుగు కాదు, చీకటే అని ఆమోసు వాళ్ల ముఖం మీదే చెప్పాడు. సింహం నుంచి తప్పించుకున్నవాడికి ఎలుగుబంటి ఎదురైనట్టు, ఇంట్లోకి వచ్చి గోడకు చెయ్యి ఆనిస్తే పాము కరిచినట్టు ఉంటుందన్నాడు. ఎందుకంటే వాళ్లు పండుగలు ఘనంగా చేస్తూ, పాటలు పాడుతూ, బీదవాణ్ణి ఒక జత చెప్పులకు అమ్ముతున్నారు. తీర్పు దేవుని ఇంటి వద్దనే ఆరంభమవుతుందని అపొస్తలుడైన పేతురు రాసిన మాట కూడా ఈ కోవలోనిదే. మత్తయి 25వ అధ్యాయంలో గొర్రెలను, మేకలను వేరుపరిచే సన్నివేశాన్ని సంఘాల్లో చాలామంది కంఠతా చెప్పగలరు. అందులో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. కుడివైపున ఉన్నవారూ ఆశ్చర్యపోతారు, ఎడమవైపున ఉన్నవారూ ఆశ్చర్యపోతారు. ప్రభువా, నీవు ఆకలిగొని ఉండడం మేమెప్పుడు చూశామని ఇద్దరూ ఒకే ప్రశ్న అడుగుతారు. తాను ఏ వైపున నిలబడతానో ముందే లెక్క కట్టుకున్నవాడు ఒక్కడూ ఆ దృశ్యంలో కనిపించడు.

చరిత్రలోకి వెళితే ఈ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. 1741 జులై 8న అప్పటి అమెరికా వలస ప్రాంతంలోని ఎన్‌ఫీల్డ్‌లో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే బోధకుడు దేవుని ఉగ్రతను గూర్చి చేసిన ప్రసంగం నేటికీ ప్రసిద్ధం. వింటున్నవారి ఏడుపులు, కేకలు మిన్నుముట్టడంతో ఆయన మధ్యలో ఆగవలసి వచ్చిందని అక్కడే ఉన్న ఒక బోధకుడు తన దినచర్యలో రాసుకున్నాడు. ఎడ్వర్డ్స్ గొప్ప వేదాంతి, చిత్తశుద్ధి గలవాడు, ఆయన రాతల నుంచి నేను మేలు పొందాను. అదే ఎడ్వర్డ్స్ పదేళ్ల ముందు, 1731లో, వీనస్ అని పేరు పెట్టబడిన ఒక చిన్న వయసు నల్లజాతి పిల్లను బానిసగా డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఆ కొనుగోలు కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. నరకాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించగలిగిన మనిషికి తన వంటింట్లో నిలబడిన ఆ పిల్ల కళ్లలో తన మీద ఉన్న ఫిర్యాదు కనబడలేదు. ఆయన మీద రాయి వేయడానికి ఈ సంగతి ఎత్తలేదు. నా ఇంట్లో నాకు కనబడనిది ఏమై ఉంటుందా అన్న దిగులుతో ఎత్తాను.

ఇక నా సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురం స్నేహితులం చేతి మైకు, కరపత్రాల కట్టలు పట్టుకుని ఒక ఆసుపత్రి గేటు ముందు నిలబడ్డాం. అక్కడైతే మనుషులకు చావు దగ్గరగా కనబడుతుంది కాబట్టి మాట చెవికెక్కుతుందని మా లెక్క. ఆ లెక్కలోని క్రూరత్వం నాకు అప్పుడు తట్టలేదు. ‘మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును’ అని బైబిలులో హెబ్రీయులకు రాసిన లేఖలో ఉన్న వచనాన్ని నేను మైకులో మళ్లీ మళ్లీ చదువుతున్నాను. గేటులోంచి ఒకామె బయటికి వచ్చి తిన్నగా నా దగ్గరికి నడిచింది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో మందుల చీటీలు, ఒక పాలసీసా, వాటి పైన మడత పెట్టిన చిన్న ఊలు టోపీ. మైకు కిందికి దించమన్నట్టు చెయ్యి ఊపింది. ‘బాబూ, పొద్దున పోయింది నా బిడ్డ. మూడేళ్లు. నువ్వు చెప్పే ఆ తీర్పు దానికి కూడా ఉంటుందా?’ అని అడిగింది. గొంతులో వ్యంగ్యం లేదు, నిజంగానే అడిగింది.

నాకు వచ్చిన జవాబు ఒక్కటే. అందరూ పాపం చేశారమ్మా అన్నాను. నేర్చుకున్న వరుసలో తరువాతి వాక్యం అదే మరి. ఆమె నా వైపు కాసేపు చూసింది. ఇంతలో నా స్నేహితుడు అలవాటుగా ఒక కరపత్రం ఆమె కవరులో పెట్టాడు. ఆమె దాన్ని బయటికి తీసి, నలగకుండా మడిచి, నా చొక్కా జేబులో పెట్టి, ‘నీ దగ్గరే ఉండనీ బాబూ’ అని వెళ్లిపోయింది. కోప్పడి ఉంటే నేను దాన్ని హింసగా చెప్పుకుని గర్వపడి ఉండేవాణ్ణి. ఆ మెత్తదనానికి నా దగ్గర వచనం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక బైబిలులోని యోనా గ్రంథం తీశాను. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని ప్రకటించిన ప్రవక్త, జనం మారుమనస్సు పొంది నగరం బతికిపోయేసరికి అలిగి ఊరి వెలుపల కూర్చుంటాడు. తాను చెప్పిన తీర్పు జరగలేదని ఆయన బాధ. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే దాని కోసం ప్రాణం విసిగిపోయేటంత దుఃఖం ఆయనకు. అప్పుడు దేవుడు, నువ్వు నాటని, పెంచని ఒక చెట్టు కోసం ఇంత విచారపడుతున్నావే, కుడి ఎడమలు ఎరుగని లక్ష ఇరవై వేలకు మించిన జనం, ఎన్నో పశువులు ఉన్న ఈ మహా నగరం కోసం నేను విచారపడవద్దా అని అడుగుతాడు. గ్రంథం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు. కుడి ఎడమలు తెలియనివారు అంటే చంటిపిల్లలని వ్యాఖ్యాతల్లో చాలామంది, మంచి చెడులు బోధపడని పెద్దలని మరికొందరు అంటారు. ఏదైనా, మూడేళ్ల బిడ్డకు కుడి చెయ్యి ఏదో తెలియదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నా చేతిలోని పుస్తకంలోనే ఉంది. సొదొమ కోసం వేడుకుంటూ అబ్రాహాము, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని దేవుణ్ణే నిలదీసిన మాట కూడా అందులోనే ఉంది. ఆమె కవరులో కరపత్రం పెట్టే తొందరలో మాకు ఆ రెండూ గుర్తుకు రాలేదు. ఆమె ఎవరో, ఎటు వెళ్లిందో ఈనాటికీ నాకు తెలియదు.

నరకం గురించి కూడా మీ పాఠకుడు ప్రస్తావించారు కాబట్టి కొద్దిగా చెబుతాను. యేసు వాడిన ‘గెహెన్నా’ అన్న మాట యెరూషలేముకు ఆనుకుని ఉన్న హిన్నోము లోయ పేరు. యూదా రాజుల కాలంలో ఆ లోయలోని తోఫెతు అనే చోట తల్లిదండ్రులు తమ పిల్లలను విగ్రహాలకు అగ్నిలో అర్పించారు. అది నేను ఆజ్ఞాపించలేదు, నా మనసుకైనా రాలేదని యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడు అన్నాడు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరిచి ఆ పని ఆపించాడు. అంటే బైబిలులో ఘోరమైన తీర్పుకు గుర్తుగా నిలిచిపోయిన పేరు, అమాయకులైన పిల్లలను కాల్చిన చోటు పేరు. దేవుని కోపం దేని మీద రగులుకుందో ఆ పేరే చెబుతుంది. ఆ శిక్ష స్వభావం గురించి సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులు, అందరూ ఒకే మాట చెప్పలేదు. అది అంతులేనిదని అగస్టీను గట్టిగా వాదించాడు. పశ్చిమ సంఘంలో ఎక్కువమంది ఆ మాటనే పట్టుకున్నారు. నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగొరీ ఆ అగ్ని శుద్ధిచేసేదని, చివరకు సమస్తం దేవుని వైపు తిరుగుతుందని ఆశించాడు. నేను అగస్టీను వైపే ఉన్నాను, ఉన్నానని చెప్పడానికి నాకు సంతోషమేమీ లేదు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చడానికి ఆయన తిరిగి వస్తాడన్న విశ్వాస ప్రమాణ వాక్యాన్ని మాత్రం వీళ్లందరూ కలిసే పలికారు.

తొందర అన్న మాటకు వస్తాను, నా ఉత్తరానికి అసలు విషయం అదే. క్రైస్తవ బోధలో తొందర ఉంది, దాన్ని దాచలేము. ఇదే అనుకూల సమయం, ఇదే రక్షణ దినం అని తొలి తరం బోధకుడైన పౌలు రాశాడు. కానీ ఆ తొందర ఎవరి మీద ఉంది? నా అనుభవంలో, నేను లేఖనాలను చదువుకున్నంతలో, అది ప్రధానంగా చెప్పేవాడి మీద ఉంది. వినేవాడి మీద మోపడానికి మాకు అధికారం ఇవ్వబడలేదు. యెహెజ్కేలు 33వ అధ్యాయంలో కావలివాడి గురించి చెప్పినప్పుడు, ఖడ్గం రావడం చూసి బూర ఊదనివాడిని దేవుడు లెక్క అడుగుతానన్నాడు. బూర ఊదాక వినని వారిని ఇళ్ల నుంచి ఈడ్చుకురమ్మని కావలివాడికి ఆజ్ఞ లేదు. ఆ అధ్యాయంలోనే, దుర్మార్గుడు చనిపోవడం వలన నాకు సంతోషం లేదు, అతడు తన మార్గం నుంచి మరలి బతకడమే నాకు సంతోషం అని దేవుడు ఒట్టు పెట్టి చెబుతాడు. ప్రభువు ఆలస్యం చేస్తున్నట్టు కనబడడం అసలు ఆలస్యం కాదని, ఎవరూ నశించకూడదని, అందరూ మారుమనస్సు పొందాలని ఆయన చూపే దీర్ఘశాంతమని పేతురు రాసిన రెండవ లేఖలో ఉంది. వినేవాడికి గడువు ఇచ్చేది దేవుని ఓపిక. ఆ గడువును నా ఇష్టం వచ్చినట్టు కత్తిరించడానికి నేనెవరిని?

కత్తిరించిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో విలియం మిల్లర్ బోధను నమ్మిన వేలాదిమంది 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని కనిపెట్టుకుని కూర్చున్నారు. కొందరు రైతులు పొలంలో పంటను కోయకుండా వదిలేశారు. ఆ రోజు గడిచిపోయింది. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని యేసు స్పష్టంగా చెప్పిన తరువాత కూడా తేదీలు ప్రకటించడం విశ్వాసం కాదు, అతిశయం. దాని మూల్యం చెల్లించింది ప్రకటించినవారికంటే నమ్మినవారే.

తొందర ఎలా ఉండాలో నాకు నేర్పినది అపొస్తలుల కార్యముల 24వ అధ్యాయంలోని ఒక చెరసాల సన్నివేశం. కైసరయలో పౌలు ఖైదీ. ఆయన వ్యాజ్యం రోమా అధిపతి ఫేలిక్సు చేతిలో ఉంది. ఈ ఫేలిక్సు ఒకప్పటి బానిస. చక్రవర్తి ఆస్థానంలో పలుకుబడి ఉన్న అన్న అండతో పైకి వచ్చి యూదయను క్రూరంగా పాలించినవాడు. పక్కన కూర్చున్న భార్య ద్రుసిల్ల హేరోదు వంశపు రాజకుమార్తె. ఆమెను మొదటి భర్త నుంచి విడదీసి తాను పెళ్లాడాడు. క్రీస్తునందలి విశ్వాసం గురించి వినాలని ఇద్దరూ పౌలును పిలిపించారు. ఖైదీకి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? నాలుగు తీపి మాటలు చెబితే సంకెళ్లు ఊడిపోయేవేమో. పౌలు నీతిని గూర్చి, ఆశానిగ్రహాన్ని గూర్చి, రాబోయే విమర్శను గూర్చి మాట్లాడాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ గదిలో కూర్చున్నవారికి ఇంపైనది కాదు. న్యాయపీఠం మీద ఉన్నవాడు ఖైదీ మాట విని భయపడ్డాడని, ఇప్పటికి వెళ్లు, సమయం దొరికినప్పుడు పిలిపిస్తానన్నాడని ఆ గ్రంథకర్త లూకా రాశాడు.

ఆ తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. ఫేలిక్సు పౌలును చాలాసార్లు పిలిపించాడు. లంచం దొరుకుతుందేమోనని ఆశ. రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లలో పౌలు లంచం ఇవ్వలేదు, బెదిరించలేదు, పిలిచినప్పుడల్లా వెళ్లి మాట్లాడాడు. చివరకు ఫేలిక్సు పదవి దిగి వెళ్లిపోతూ యూదులను మెప్పించడానికి పౌలును సంకెళ్లలోనే వదిలి వెళ్లాడు. సమయం దొరికినప్పుడు అన్న ఆ సమయం దొరికిందని లూకా ఎక్కడా రాయలేదు. పౌలు వైపున ఆలస్యం లేదు, మొదటి రోజునే మొత్తం చెప్పేశాడు. ఫేలిక్సు మీద బలవంతమూ లేదు, వెళ్లమంటే ఖైదీ లేచి వెళ్లాడు. చెప్పేవాడికి అధికారం లేదు, వినేవాడి చేతిలోనే సర్వాధికారం ఉంది. సువార్తను ఇలాంటి స్థితిలో చెప్పినప్పుడే అది నిజంగా సువార్తలా వినబడుతుందని నా నమ్మకం. పరిస్థితి తారుమారై, ఆకలితోనో రోగంతోనో ఉన్నవాడి ముందు అన్నం, మందు చేతపట్టుకుని నిలబడి తీర్పు గురించి మాట్లాడితే, మాట అదే అయినా అది బేరంలా వినబడుతుంది. ఆసుపత్రి గేటు దగ్గర మేము చేసినది దాదాపు అదే.

ఈ దోషం నా ఒక్కడిదీ కాదు, నేను మొదట గుర్తించినదీ కాదు. 1974 జులైలో స్విట్జర్లాండులోని లోజాన్‌లో 150కి పైగా దేశాల ఇవాంజెలికల్ క్రైస్తవులు, అంటే సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే ప్రొటెస్టెంటులు, సమావేశమై లోకమంతటికీ సువార్త చెప్పవలసిన బాధ్యతను నొక్కి చెబుతూ ఒక నిబంధన పత్రాన్ని ఆమోదించారు. సువార్త ప్రకటనకు ఆధునిక కాలంలో అంతటి పిలుపు మరొకటి అరుదు. అదే పత్రంలో, స్పందన రాబట్టాలన్న ఆత్రంలో సందేశాన్ని పలచన చేశామని, ఒత్తిడి పద్ధతులతో వినేవారిని తిప్పుకున్నామని, సంఖ్యల మీద మితిమీరిన మోజు చూపామని, వాటిని చెప్పడంలో నిజాయితీ తప్పామని వాళ్లు తమ మీద తామే ఒప్పుకోలు రాసుకున్నారు. అంతకు ముందు 1965 డిసెంబర్ 7న కథోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ మత స్వేచ్ఛపై చేసిన ప్రకటనలో విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని స్థిరపరిచింది. 2011 జూన్ 28న వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి వెలువరించిన పత్రం, సాక్ష్యమివ్వడం క్రైస్తవుడి విధి అంటూనే, ప్రలోభాలు చూపడం, ఎదుటివారి పేదరికాన్ని, నిస్సహాయతను వాడుకోవడం క్రీస్తు పద్ధతి కాదని తేల్చింది. ఎన్నో విషయాల్లో పొసగని ఈ మూడు పక్షాలూ ఈ ఒక్క మాట మీద సంతకం చేశాయంటే అది పై పై మర్యాద కోసం కాదు.

అయితే మరి నోరు మూసుకుని ఉండవచ్చు కదా అన్నది మీ పాఠకుడి రెండవ మాట. ఉండలేము. ఎందుకో చెప్పడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ రాజులు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో ఉంది. శత్రుదేశమైన అరాము సైన్యం ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను నగరాన్ని చుట్టుముట్టి లోపల ఘోరమైన కరువు. నగర ద్వారం బయట నలుగురు కుష్ఠరోగులు. ఇక్కడే ఉన్నా చస్తాం, లోపలికి వెళ్లినా చస్తాం, శత్రువుల దండులోకే పోదాం, బతకనిస్తే బతుకుతాం అనుకుని సంధ్యవేళ లేచి వెళ్లారు. చూస్తే దండులో ఒక్కడూ లేడు. గుడారాలు, గుర్రాలు, భోజనం అన్నీ వదిలేసి సైన్యం పారిపోయింది. వాళ్లు ఒక గుడారంలో దూరి తిన్నారు, తాగారు, వెండి బంగారాలు మోసుకెళ్లి దాచుకున్నారు. ఇంకో గుడారంలోకి వెళ్లి అదీ దాచుకున్నారు. అప్పుడు ఒకరితో ఒకరు, మనం చేస్తున్నది మంచి పని కాదు, ఈ రోజు శుభవార్త ఉన్న రోజు, మనం మౌనంగా ఉన్నాం, తెల్లవారే దాకా ఊరుకుంటే మనకు దోషం తగులుతుంది అనుకున్నారు. ఆ చీకట్లోనే నగర ద్వారానికి వెళ్లి కేక వేశారు.

ఊరు వెలివేసినవాళ్లు వాళ్లు. ఊరివారికి బోధించడానికి వాళ్లకు ఏ యోగ్యతా లేదు. వాళ్లకున్నదల్లా ఆకలి తీరిన కడుపు, ఆ రొట్టె ఎక్కడ దొరికిందో తెలియడం. తెల్లవారే దాకా కూడా ఆగలేకపోయారే, ఆ తొందరనే నేను సువార్త తొందర అంటున్నాను. ఆ తరువాతి ముక్కను కూడా మావాళ్లు తరచుగా వదిలేస్తారు. రాజు వాళ్ల మాట నమ్మలేదు. ఇది శత్రువుల పన్నాగమై ఉంటుందని అనుమానించి గుర్రపువాళ్లను పంపి యొర్దాను దాకా వెతికించాడు. కుష్ఠరోగులు అందుకు కోప్పడినట్టు ఎక్కడా లేదు. విన్నదాన్ని పరీక్షించి చూసుకునే హక్కు వినేవాడిది. విన్న వెంటనే తల ఊపకపోతే తీర్పు పేరుతో గద్దించడం ఆ నలుగురికి తెలియని పని.

ఎదుటివాడు నశిస్తున్నాడని నిజంగా నమ్మినవాడి గొంతు ఎలా ఉంటుందో కూడా లేఖనాల్లో ఉంది. యెరూషలేము మీదికి రాబోయే నాశనం గురించి చెప్పేటప్పుడు యేసు ఆ పట్టణాన్ని చూసి ఏడ్చాడని లూకా రాశాడు. నలభై ఏళ్లలోపే, క్రీ.శ. 70లో, రోమా సైన్యం దాన్ని నేలమట్టం చేసింది. తన స్వజనుల గురించి రాస్తూ పౌలు, నా హృదయంలో మానని వేదన ఉంది, వారి కోసం నేను శాపగ్రస్తుణ్ణై క్రీస్తు నుంచి వేరైపోయినా సరేననిపిస్తుంది అన్నాడు. ఈ ఏడుపు, ఈ వేదన లేకుండా నరకం గురించి మాట్లాడే హక్కు మాకు లేదని నేను మా సంఘంలో యువకులకు చెబుతుంటాను. మైకు పట్టుకోవాలని వచ్చిన ప్రతి ఒక్కరితో ముందు ఒక పని చేయిస్తాను. కొండమీది ప్రసంగంలో, నీ సహోదరుడికి నీ మీద విరోధం ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడు అని, ప్రతివాదితో దారిలో ఉండగానే త్వరగా సమాధానపడు అని యేసు చెప్పిన వచనాలు చదివించి, ఎవరి దగ్గరికి వెళ్లవలసి ఉందో ఆలోచించుకోమంటాను. తీర్పు గురించి యేసు ‘త్వరగా’ అన్న చోటు అది. కొందరు వారం తరువాత వస్తారు, కొందరు నెలల తరువాత వస్తారు. ఒక యువకుడు తండ్రితో మాట్లాడి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ తరువాత అతను మైకు అడగలేదు. సాయంత్రాలు ఒకరిద్దరి పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడు.

మీ పాఠకుడికి చివరిగా ఒక మనవి. మీకు కరపత్రం ఇచ్చి బెదిరించినవారి తరఫున, అలాంటి పని చేసినవాడిగా, క్షమాపణ అడుగుతున్నాను. ఆ క్షమాపణతో పాటు నేను నమ్మినదాన్ని వెనక్కి తీసుకోలేను. మన ఇద్దరినీ, మన మాటలన్నిటినీ తూచి చూసే రోజు ఒకటి ఉందని, ఆ రోజున న్యాయపీఠం మీద కూర్చునేవాడు మన కోసం సిలువ మీద ప్రాణం పెట్టినవాడేనని, ఆయన దగ్గరికి ఇప్పుడే వెళ్లవచ్చునని నేను నమ్ముతున్నాను. మీరు నమ్మాలన్న షరతు లేకుండా దీన్ని మీతో మాట్లాడాలని ఉంది. మీ సందేహాలు వినాలని కూడా ఉంది. వాటిలో కొన్నింటికి నా దగ్గర జవాబు ఉండకపోవచ్చు.

సంపాదకులు గారూ, నా చిరునామా ఈ ఉత్తరంతో పాటు మీ కార్యాలయానికి పంపాను. పత్రికలో వేయవద్దు గాని, ఆ పాఠకుడు అడిగితే మాత్రం దయచేసి ఆయనకు ఇవ్వండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు